శారద వ్రాసిన జాబులు

ఒక స్త్రీ విదుషీమణి యని వినగానే మనము మొట్టమొదట నడుగు మాట "ఎంతవరకు చదివినది?" అనునది. కనుపర్తి వరలక్ష్మమ్మగారి విషయమున ఈ ప్రశ్నకు బదులు చెప్పుట కష్టము. ఏ కళాశాలయు ఆమెకు పట్టమీయలేదు. 1896వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని బాపట్లలో జన్మించి, 1909లో, పదుమూడేండ్లు నిండియు నిండని ప్రాయమున, ఆమె కనుపర్తి హనుమంతరావుగారిని వివాహమాడెను. అటుపిమ్మట ఆమె సంపాదించిన విద్య యంతయు ఇంటిలో, ఇంటిపనుల నడుమ, స్వయముగా సంపాదించినదే. ఆ విద్యతోనే నవలలు వ్రాసెను, కథలు వ్రాసెను, పత్రికలలో శీర్షికలు నడపెను.

ఆ కాలపు స్త్రీలకు బడి యెక్కడిది? పెద్దబాలశిక్ష యొకటి, భారత భాగవతములు కొన్ని, పిదప పత్రికలు. 1902లో వెలసిన హిందూసుందరి మొదలుకొని స్త్రీల పత్రికలే మన ముత్తవ్వలకు ఉన్నతపాఠశాలలు. చదువు వచ్చిన కోడలు చదువుచుండగా చదువురాని అత్త వినుచుండెడిది. ఒక్క సంచికతో ఇంటిల్లిపాదికి పాఠమగుచుండెను. ఆ బడిలో చదువుకొని ఆ బడికే ఉపాధ్యాయినియైన వారిలో వరలక్ష్మమ్మగారొకరు.

ఆమె తొలిరచన 'సౌదామిని' అను అనువాదకథ. అది 1919లో వింజమూరి వెంకటరత్నమ్మగారి అనసూయ పత్రికలో వెలువడెను. అనువాదముతో ఆరంభించుట మంచి పద్ధతి యని నా తలంపు. ఒకరి వాక్యమును తన భాషలోనికి తెచ్చుకొనునపుడు తన భాష ఎక్కడ వంగునో ఎక్కడ వంగదో తెలియవచ్చును. గురువు లేనివారికి ఇంతకంటె నిక్కమైన గురువు దొరకడు.

పిమ్మట 'లీలావతి' యను మారుపేరుతో ఆంధ్రపత్రిక వారపత్రికలో 'మా చెట్టునీడ ముచ్చట్లు' వ్రాసెను. ఆ పేరు గమనింపుడు. ఉపన్యాసములు కావు, ముచ్చట్లు; వేదిక కాదు, చెట్టునీడ. 1928లో గృహలక్ష్మి పుట్టిన పిదప ఆమె ఇంకొక మార్గము కనిపెట్టెను. శారద యను ఆమె కల్పలత యను తన స్నేహితురాలికి జాబులు వ్రాయుచున్నట్లు నెలనెలా ప్రకటింప నారంభించెను. అవియే శారద లేఖలు.

ఈ జాబుల సంగతి కొంత నిలిచి చెప్పవలసియున్నది. ఆడపిల్లకు వ్రాత నేర్పినచో ఎవరికో ఉత్తరములు వ్రాయునని జంకెడి పెద్దలుండిన దినములవి. చదువనిచ్చియు వ్రాయనీయని ఇండ్లు ఎన్నియో! ఏ యుత్తరమునకై పెద్దలు భయపడిరో ఆ యుత్తరమునే ఆమె పదుగురెదుట పఠింపదగిన సాహిత్యముగ చేసినది. అందులో చెలికత్తెల కుశలప్రశ్నలును గలవు, లోకము తలక్రిందులగు విషయములును గలవు. శారదా చట్టము 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. కన్యకు పదునాలుగేండ్లును, వరునికి పదునెనిమిదేండ్లును నిండనిదే వివాహము కూడదని ఆ చట్టము. సభలలో పండితులు స్మృతివాక్యములతో వాదించుకొనుచుండగా, శారద తన జాబులలో ఆ చట్టమును సమర్థించినది. తనకు ఆ వయస్సు నిండకయే పెండ్లియైన యిల్లాలి చేతివ్రాత అది యని తలంచుకొని చదివినచో ఆ వాక్యముల బరువు వేరుగ తోచును. విడాకుల చట్టమును గూర్చియు ఆమె ఆనాడే వ్రాసెను. మదరాసు రాజధానిలో 1949లోను, దేశమంతట 1955లోను గాని హిందూస్త్రీకి ఆ హక్కు రాలేదు.

ఐతే ఆమె స్త్రీకి గృహమే ముఖ్యమనియు చెప్పినది. మా వదినెగారు, ఆమె పెద్దచదువులు చదివినవారు, ఈ మాటవలననే శారద లేఖలను ప్రక్కకు నెట్టుదురు. ఒక చేత హక్కులిచ్చి మరొక చేత వంటయింటి తలుపు వేసినదని వారి యాక్షేపణ. నాకును అక్కడక్కడ మనస్సొప్పదు. కాని, ఆ జాబులు ఎవరికై వ్రాయబడినవి? గడప దాటి రాలేని వారికై. వారిని నిందించి దూరముగ నిలిచి పిలిచినచో ఎవ్వరును వినియుండరు. ప్రక్కన పీట వేసికొని కూర్చుండి చెప్పినందుననే విన్నారు. మా వదినెగారింకను ఒప్పుకొనలేదు.

ఆమె నవలలలో 'వసుమతి' పేరెన్నికగన్నది. కథలలో 'కుటీరలక్ష్మి' నాకు మిక్కిలి ఇష్టము. మరబట్టలు వచ్చి చేతిపనివారి కుటుంబములను కూలద్రోసిన కాలమును అందులో చూడవచ్చును. ఖద్దరు వ్రతము పట్టిన రచయిత్రికి అది పుస్తకములలో చదివిన సంగతి కాదు. నిష్పక్షపాతముగ చెప్పవలెనన్న నవలలకంటె కథలును, కథలకంటె జాబులును మేలు.

1931లో ఆమె బాపట్లలో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించెను. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణము మొట్టమొదట ఆమె చేతికే అలంకారమయ్యెను. ఆ పత్రికను నడపిన కేసరిగారు లోధ్ర యను స్త్రీల ఔషధమును చేసి విక్రయించిన వైద్యులు. మందు సీసాల రాబడితో ఒక పత్రికయు, రచయిత్రులకు బంగారు కంకణమును! ఇట్టి వ్యాపారులు మరికొందరుండిన బాగుండెడిది. ఆమె 1978 ఆగస్టు 13వ తేదీని పరమపదించెను.

మొన్న ఒక మధ్యాహ్నము మా ప్రక్కయింటి అవ్వకు శారద లేఖలను చదివి వినిపించితిని. ఆమెకు తొంబదేండ్లు, కన్నులు కానరావు, చెవులు చక్కగా వినబడును. వివాహవయస్సును గూర్చిన భాగము ముగిసినంతనే ఆమె నవ్వి, "నాకు పదకొండో ఏట చేశారమ్మా! ఆ చట్టానికి మా ఊరి దారి తెలియలేదు కాబోలు" అన్నది. కొంచెము సేపు ఊరకుండి, పమిట సర్దుకొని, తరువాతి జాబు చదువుమన్నది.