గాజుకు ఇవతల

2016లో నా భార్య వైద్యంకోసం ముంబయి వెళ్ళవలసి వచ్చింది. అయిదేళ్ళ కుమారుణ్ణి ఎవరివద్దా విడువలేక వెంట తీసుకొనిపోయాము. ఆసుపత్రి గదిలోనికి పిల్లలను రానివ్వరు. తలుపుకున్న అద్దంలోనుంచే వాడు తల్లిని చూచేవాడు.

ఒక మధ్యాహ్నం వాణ్ణి మెరీన్ డ్రైవ్‌లోని తారాపోర్‌వాలా మత్స్యప్రదర్శనశాలకు తీసుకొని వెళ్ళాను. 1951లో ప్రారంభమైన ఆ శాలను 2015లో పునరుద్ధరించి, 12 అడుగుల పారదర్శక సొరంగమొకటి అమర్చారు. తలపై చేపలు ఈదుతూవుంటే వాడు నోరు తెరచి నడిచాడు.

ఒక తొట్టిలో పువ్వువంటి సముద్రజీవి ఉన్నది. ఇతర చేపలను కుట్టే దాని చేతుల నడుమ తెల్లని పట్టెల నారింజరంగు చేప నిర్భయంగా తిరుగుతున్నది. ఒంటినంటిన జిగురే దానికి రక్ష. వాడు దాన్ని పట్టుకోబోయాడు. చేయి గాజుకు తగిలింది.

"దగ్గరే ఉన్నది కదా, నాన్నా?"

"నీటిలోనిది ఉన్నదానికన్న దగ్గరగా కనిపిస్తుందిరా."

వాడు కొంతసేపు ఆలోచించి, "అమ్మ కూడానా?" అన్నాడు.

నాకు మాట రాలేదు. మూడు రోజులుగా వాడు తల్లి ప్రసక్తి తేలేదు. క్రొత్త ఊరి వింతలలో మరచినాడనుకొని ఊరట చెందాను.

బయటికి వచ్చి రోడ్డు దాటితే సముద్రమే. గట్టుమీద కూర్చున్నాము. "దీనికి అద్దం లేదు" అన్నాడు వాడు.

ఆ సాయంకాలం వైద్యుణ్ణి అడిగి, వాడు తల్లిప్రక్కన అయిదు నిమిషాలు కూర్చోవడానికి అనుమతి సంపాదించాను. అడిగితే ఇస్తారని అంతవరకు నాకు తోచనేలేదు.