గండిపేట నుంచి నాగోలు దాకా

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు పొలిమేరకు వచ్చి గండిపేట దగ్గర ఆగుతుంది. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ ఆనకట్ట దాన్ని అక్కడ నిలబెడుతుంది. ఆ చెరువుకు కాస్త దూరంలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన, 2023 అక్టోబరు 1న ఒక సైకిల్ దారి మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో పాయ, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. పైన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు. ఎండా వానా తగలకుండా సైకిల్ తొక్కుకోవడానికి ప్రభుత్వం డబ్బు పెట్టి వేసిన దారి అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఎండకు విరుగుడు ఉందని, ఆ విరుగుడు నీడేనని ఆ కప్పు చూస్తేనే తెలుస్తుంది. కానీ పనికి పోయేవాడి దారి ఊళ్ళోకి వెళ్తుంది; ఈ దారి ఊరి చుట్టూ తిరుగుతుంది. పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవాళ్ళకు చక్కటి చోటు. లంగర్‌హౌజ్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు, చాదర్‌ఘాట్ నుంచి అంబర్‌పేటకు సైకిల్ మీద పనికి పోయే మనిషికి దానివల్ల గజం నీడ కూడా రాదు. మన ఎండలకూ వానలకూ సైకిల్ ఏం కుదురుతుందని చాలామంది అంటారు. అది తప్పు. సైకిల్ మీద నుంచి మనిషిని దింపేది కాలం కాదు, దారి. గండిపేట నుంచి నాగోలు దాకా మూసీ వెంట దిగుతూ మూడు కాలాలనూ చూస్తే ఆ సంగతి తేటపడుతుంది.

ముందు సైకిల్ మీద పనికి పోయేవాళ్ళు ఎవరో చూడాలి. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్ళు దేశంలో దాదాపు 20 కోట్లు. వాళ్ళలో 13 శాతం మంది, అంటే రెండున్నర కోట్లకు పైగా, పనికి సైకిల్ మీదే వెళ్ళారు. స్కూటర్, మోటారు సైకిల్ మీద వెళ్ళినవాళ్ళు వాళ్ళకంటే కొద్దిగా తక్కువే. కాలినడకన వెళ్ళినవాళ్ళు 22 శాతానికి పైన. ఈ రెండున్నర కోట్ల మంది రోహిణి కార్తె వచ్చిందని సైకిల్ మూలన పెట్టలేదు. ముసురు పట్టిందని పని మానుకోలేదు. మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి వాతావరణం పడదనే అభ్యంతరం సైకిల్ తొక్కేవాళ్ళ నుంచి పుట్టింది కాదు, వేరే దారి ఉన్నవాళ్ళ నుంచి పుట్టింది. ఆ లెక్కలు పాతవి, తర్వాత చాలామంది మోటారు సైకిళ్ళకు మారారు కదా అంటారు. మారారు, నిజమే. అయితే ఎండ వల్ల మారారా? మోటారు సైకిల్‌కూ పైకప్పు లేదు. దాని మీద కూర్చున్నవాడి నెత్తినా అదే ఎండ, వీపునా అదే వాన, సిగ్నల్ దగ్గర కాళ్ళ కింద అదే సెగ; పైగా తొడల దగ్గర ఇంజను వేడి. అయినా తెలంగాణ ఎండలకు మోటారు సైకిల్ పనికిరాదని ఎవరూ అనరు. మనుషులు మారింది దూరాలు పెరిగినందుకు, దారి మీద బస్సుల మధ్య, కార్ల మధ్య బతికి బయటపడాలంటే వేగం కావాలనిపించినందుకు, సైకిల్ మీద కనబడితే చిన్నచూపు ఎదురైనందుకు. ఈ మూడింటిలో ఏదీ పంచాంగంలో లేదు.

ఇక ఎండాకాలం. గండిపేట దిగువన మంచిరేవుల, నార్సింగి, బండ్లగూడల మీదుగా మూసీ లంగర్‌హౌజ్ చేరి ఈసీని కలుపుకుంటుంది. 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన బాపూఘాట్ ఆ సంగమం దగ్గరే. ఇంతదాకా గట్టున ఇంకా అక్కడక్కడా చెట్లున్నాయి. అక్కడి నుంచి పల్చబడతాయి. మేలో హైదరాబాదు పగటి వేడి నలభై డిగ్రీల దగ్గర ఆడుతుంది. అయితే ఆ అంకె నడి మధ్యాహ్నానిది. పనికి వెళ్ళే ఎనిమిది గంటల వేళకు గాలి ఇంకా కాగదు. మనిషిని బాధించేది గాలి వేడి ఒక్కటే కాదు; నెత్తిన పడే ఎండ, తారు రోడ్డు నుంచి పైకి కొట్టే సెగ అందులో పెద్ద పాలు. నీడ పడితే ఆ రెండూ తగ్గుతాయి. సైకిల్ కదులుతున్నంతసేపూ గాలి ఒంటిని తాకుతుంది, చెమట ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. హైదరాబాదు వేసవి గాలి పొడిగాలి కాబట్టి చెమట త్వరగా ఆరుతుంది. ఉక్కపోతతో ఉడికే బెజవాడ, విశాఖలకు లేని సదుపాయం ఇది. అంటే ఎండలో సైకిల్ మీద కష్టమైన ఘడియ తొక్కే ఘడియ కాదు, నీడలేని కూడలిలో ఆగే ఘడియ. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎవరినీ తొక్కమని నేను అనను. ఆ వేళ నడకా మంచిది కాదు, మోటారు సైకిలూ మంచిది కాదు. మిగతా వేళలకు కావలసింది దారి పొడవునా చెట్టు. వేప, కానుగ చైత్రానికల్లా కొత్త ఆకు తొడిగి, సరిగ్గా ఎండ ముదిరే వేళకు గుబురుగా నిలబడతాయి. మన తాతలు బాటల పక్కన వాటిని ఊరికే నాటలేదు. ఈ రోజు డివైడర్ల మీద ఈతజాతి అలంకార మొక్కలను వరసగా నిలబెట్టి పచ్చదనం అంటున్నాం. వాటి నీడ వాటి మొదట్లోనే పడుతుంది.

వానాకాలం మీద చెప్పే మాట ఇంకా బలహీనమైంది. హైదరాబాదులో ఏడాది వాన 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సైకిళ్ళకు పేరుపడ్డ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ దాదాపు అంతే. తేడా రోజుల్లో ఉంది. మనకు వాన రోజులు ఏడాదికి యాభై అటూ ఇటూ. అక్కడ అంతకు రెట్టింపు పైన. వానే అడ్డమైతే ముందు డచ్చివాళ్ళు సైకిల్ దిగాలి. మన వాన కొద్ది రోజుల్లో, ఒక్కో రోజులో కొద్ది గంటల్లో కుండపోతగా పడుతుందన్నది నిజం. ఆ గంట ఏదో చూరు కింద ఆగితే పోతుంది, రెయిన్‌కోటు ఉంటే ఆగనక్కర్లేదు కూడా. పోనిది ఆ తర్వాత రోడ్డు మీద నిలిచే నీళ్ళు. మోకాటి లోతు నీళ్ళలో మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు, గుంత ఎక్కడుందో తెలియదు. సన్నటి చక్రం గుంతలో దిగిందంటే మనిషి పడతాడు. వెనక బస్సు ఉంటే లేవడు. మడ్‌గార్డు, చైను బురదతో బిగుసుకుపోతాయి, బ్రేకులు పట్టవు. ఇవేవీ మేఘాల తప్పు కాదు. వాననీటి కాలువ కట్టని, కట్టినా పూడిక తీయని రోడ్డు తప్పు. పల్లం వైపు నీళ్ళు పోయే దారి మూసేసి వానను తిట్టుకోవడం మనకు అలవాటైంది.

నది మధ్య భాగానికి వస్తే ఈ మాటకు చరిత్రే సాక్ష్యం పలుకుతుంది. 1578 నాటి పురానాపూల్ దగ్గర మూసీ పాతనగరాన్ని తాకుతుంది. ఆ వంతెన మీద ఇప్పుడు కూరగాయలు అమ్ముతారు, వాహనాలు పక్కనున్న కొత్త వంతెన మీద పోతాయి. 1908 సెప్టెంబరు 28న, హస్త కార్తెలో, మూసీ పొంగి దాదాపు 15,000 మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన చెరువులు కట్టమని ఆయన చెప్పాడు; ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. నది ఒడ్డున తోటలు పెంచమనీ ఆయనే చెప్పాడు. చెరువుల మాట విన్నాం, తోటల మాట సగం విని మరిచాం. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఉన్న ఆ కొద్ది దూరంలో ఎన్ని పనిచోట్లు ఉన్నాయో చూడండి. సిటీ కాలేజి, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం, సాలార్‌జంగ్ మ్యూజియం, ఇవతల బేగంబజారు, అవతల మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, దాన్ని ఆనుకుని మెట్రో. ఇన్ని వేలమంది రోజూ వచ్చిపోయే చోట నది ఒడ్డు మొత్తం సైకిల్‌కు అనువైన నేల. హైదరాబాదు గుట్టల ఊరు, సైకిల్ తొక్కితే ఆయాసం వస్తుందనే వాళ్ళకు జవాబు ఇక్కడే ఉంది. బంజారాహిల్స్ ఎక్కడం కష్టమే. కానీ నీరు తనంతట తాను పారే చోట ఎత్తుపల్లాలు ఉండవు, సన్నటి వాలే ఉంటుంది. నగరాన్ని పడమర నుంచి తూర్పుకు దాటడానికి ఇంత తేలికైన మార్గం మరొకటి లేదు. దాని మీద ఇన్నాళ్ళూ చెత్త పోశాం.

చాదర్‌ఘాట్ దాటాక మూసారాంబాగ్. ఇక్కడ మలక్‌పేట వైపు జనాన్ని అంబర్‌పేట వైపు కలిపిన పాత వంతెన నీటిమట్టానికి దగ్గరగా కట్టింది. ఎగువన చెరువుల గేట్లు ఎత్తితే చాలు, అది మునిగేది, పోలీసులు అడ్డుకంచెలు పెట్టేవారు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడిన రాత్రి ఈ ప్రాంతమంతా నీళ్ళపాలైంది. అలాంటి రోజు ఏ వాహనానికైనా తప్పదు. నా బాధ ఆ ఒక్క రోజు గురించి కాదు, మామూలు వరద రోజుల గురించి. దారి మళ్ళిస్తే కారుకు పదిహేను నిమిషాలు ఆలస్యం, అంతే. చుట్టు తిరగడం సైకిల్‌వాడికి ఒంటి సత్తువతో కట్టే సుంకం. పైగా మళ్ళించిన ట్రాఫిక్ అంతా ఇరుక్కున్న రోడ్డు మీదే అతను కట్టాలి. నది పక్కన వేసే దారి వరదలో మునుగుతుంది కదా, డబ్బు దండగ కదా అని ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. గట్టు దారి ఏడాదిలో నాలుగు రోజులు మునిగినా నష్టం లేదు. నీళ్ళు తీశాక కడిగితే మళ్ళీ దారే. మునగకూడనివి వంతెనలు. మూసారాంబాగ్‌లో ఎత్తయిన కొత్త వంతెన పని చేపట్టారు, మంచిది. ఆ వంతెనకు రెండు పక్కలా మోటార్ల నుంచి వేరు చేసిన సైకిల్ పట్టీ లేకపోతే మాత్రం ఆ మంచి సగమే.

చలికాలం దగ్గర నా వాదనకు కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. పుష్యమాసపు పొద్దు సైకిల్‌కు అన్నిటికన్నా హాయి అనుకుంటాం. ఒంటికి హాయే. ఊపిరితిత్తులకు కాదు. చల్లటి గాలి నేలను అంటుకుని, పైన వెచ్చటి గాలి పొర కప్పేసినప్పుడు పొగ, దుమ్ము పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే నిలుస్తాయి. తొక్కేవాడు కూర్చున్నవాడి కంటే ఎక్కువ గాలి పీలుస్తాడు కూడా. ఇంత కాలుష్యంలో సైకిల్ ఎక్కమనడం అన్యాయం కాదా? ఇది తోసిపుచ్చే ప్రశ్న కాదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఈ లెక్కే వేశారు. ఢిల్లీ లాంటి చోట కూడా వారానికి ఐదు గంటలు దాటితే తప్ప సైకిల్ వల్ల కలిగే మేలును కాలుష్యం మింగేయదని తేల్చారు. దీన్ని చూపించి చాలామంది సంతోషిస్తారు. కానీ రోజూ పనికి పోయేవాడు వారానికి ఐదు గంటలు తేలిగ్గా దాటతాడు. హైదరాబాదు గాలి ఢిల్లీ గాలి అంత చెడ్డది కాదన్న ఊరట ఉన్నా, ప్రశ్న మిగిలే ఉంటుంది. జవాబు మళ్ళీ దారిలోనే ఉంది. పొగ గొట్టానికి ఎంత దగ్గరగా ఉంటే అంత విషం. బస్సు వెనక తొక్కేవాడికీ, రోడ్డుకు దూరంగా చెట్ల వరస అవతల తొక్కేవాడికీ అందే గాలి ఒకటి కాదు. ఇక మూసీ కంపు అంటారా, అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల లీటర్లకు పైగా మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉన్నా, శుద్ధి కాని నీరు ఇంకా నదిలో కలుస్తూనే ఉంది. ఆ కంపు సైకిల్ దారి వద్దనడానికి కారణం కాదు, మురుగు ఆపమనడానికి కారణం. ఒడ్డున ఉండేవాళ్ళు ఆ కంపును రోజంతా పీలుస్తున్నారు.

వాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల నుంచి తూర్పున ఔటర్ దాకా 55 కిలోమీటర్ల మేర మూసీని బాగుచేసే పథకం ఉంది. 2024లో నదీగర్భంలో ఇళ్ళకు గుర్తులు వేసినప్పుడు చాదర్‌ఘాట్ పరిసరాల పేదలు పడ్డ ఆందోళన అందరం చూశాం. సైకిల్ దారి పేరు చెప్పి ఎవరి ఇల్లూ కూల్చనక్కర్లేదు. ఎదురెదురుగా రెండు సైకిళ్ళు తప్పుకుపోవడానికి మూడు, నాలుగు మీటర్లు చాలు. గట్టు ఉన్నచోట గట్టు మీద, లేనిచోట పక్క వీధిలో నుంచి పోవచ్చు. అలాంటి దారి వస్తే మొదట లాభపడేది ఆ ఇళ్ళవాళ్ళే. కూలికీ కార్ఖానాకూ సైకిల్ మీద పోయేది వాళ్ళలోనే ఎక్కువ. దూరం ఎక్కువైన వాళ్ళు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గరో నాగోలు దగ్గరో సైకిల్ పెట్టి మెట్రో ఎక్కవచ్చు, నమ్మకంగా తాళం వేసుకునే స్టాండు ఉంటే. దారి ఉంటే కాలం అడ్డు కాదనడానికి ఒక ఉదాహరణ చూడండి. ఫిన్లండ్‌లో ఔలు అనే ఊరుంది, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన. నెలల తరబడి మంచు కప్పుకునే ఆ ఊళ్ళో చలికాలం పొడవునా చాలామంది సైకిల్ మీద పనికి పోతారు. 2013లో శీతాకాలపు సైకిల్ ప్రయాణం మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది అక్కడే. వాళ్ళు చలిని ఏమీ చేయలేదు. దారులు వేసి, మంచు పడగానే ఆ దారులు శుభ్రం చేస్తున్నారు.

నాగోలు దాటాక మూసీ పల్లెల్లోకి వెళ్ళిపోతుంది, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఎగువన నగరం లోపలి ముక్క మీద ఇప్పుడు వంతెనలు, తోటలు, రోడ్ల నమూనాలు తయారవుతున్నాయి. ఆ నమూనాల్లో సాయంత్రం షికారు బాటలు తప్పకుండా ఉంటాయి. మీ కార్పొరేటరునో ఎమ్మెల్యేనో కలిసినప్పుడు మూడు సంగతులు అడగండి: ఆ బాట లంగర్‌హౌజ్ నుంచి నాగోలు దాకా ఎక్కడా తెగకుండా పోతుందా, ప్రతి వంతెన మీదా సైకిల్‌కు వేరే పట్టీ ఉందా, చెట్లు నాటేది అందానికా నీడకా. మూడింటికీ సరైన జవాబు రాకపోతే నమూనా మార్చమనండి. సిమెంటు పోశాక మార్చడం ఎవరి తరమూ కాదు.