వాకిట్లో కన్ను

మా అమ్మ ఉండేది దామరచర్లలో. నేనుండేది హైదరాబాదులో. మధ్యన ఎంత లేదన్నా నాలుగు గంటల దారి. అయినా రాత్రి మా అమ్మ వాకిట్లోకి ఎవరెవరు వచ్చి వెళ్ళారో మంచం దిగకుండా చెప్పగలిగిన రోజులు కొన్ని గడిచాయి నాకు. రెండు పిల్లులు, ఒక వీధికుక్క, వేపకొమ్మ నీడ, లెక్కలేనన్ని పురుగులు. ఒక్కొక్కరి రాకకూ నా దిండు కింద సెల్‌ఫోను 'టింగు' మనేది.

ఇదంతా నేను చేతులారా తెచ్చిపెట్టుకున్నదే లెండి. నాన్న పోయాక అమ్మ ఆ ఇంట్లోనే ఉంటానంది. "నా ఇల్లు, నా వాకిలి ఇడిసిపెట్టి నీ అపార్టుమెంటు డబ్బాల నేనుండలేను బిడ్డా" అని తేల్చేసింది. ఊరేమో మునుపటిలా లేదు. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు ఊరి మీదుగానే పోతుంది. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలూ, వాడపల్లి వైపు సిమెంటు లారీలూ ఎప్పటినుంచో ఉన్నవే. 2015లో వీర్లపాలెం దగ్గర నాలుగువేల మెగావాట్ల థర్మల్ స్టేషనుకు శంకుస్థాపన జరిగాక ఎరగని మొహాలు మరీ ఎక్కువయ్యాయి. అందరూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే, పాపం. కానీ దూరాన ఉన్న కూతురి భయానికి అంత వివేకం ఎక్కడిది? దసరాకి వెళ్ళినప్పుడు గోడకు కెమెరా బిగించేశాం.

మావారు స్టూలెక్కి మేకులు కొట్టి, "ఇక మిగతాది నువ్వు చూసుకో" అని దిగిపోయారు. ఆ మిగతాదాని పేరు 'మోషన్ డిటెక్షన్'. లెక్కలకు భయపడి ఆర్ట్స్‌లో చేరి, బి.ఏ. అనిపించుకుని, ఆపైన నవలలు రాసుకుంటున్న నాలాంటిదానికి అది తగునా, మీరే చెప్పండి! కెమెరా అంటే దొంగను చూడగానే పసిగడుతుందనుకున్నాను. మా దానికి దొంగా తెలియదు, దొరా తెలియదు. ఇప్పటి బొమ్మనూ, అంతకుముందు క్షణపు బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. చుక్కలు మారాయా, లేదా? మారినవి మనం పెట్టిన హద్దు దాటితే గంట కొడుతుంది. అంతే దాని తెలివి. హద్దు బిగించే మీటకి 'సెన్సిటివిటీ' అని పేరు. అది పెంచినకొద్దీ చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతుంది. మనిషి ఆకారాన్ని పోల్చుకునేవీ, ఒంటి వేడిని పసిగట్టేవీ ఉన్నాయి గానీ, మేం కొన్నది ఆ కులాసా రకం కాదు.

భయంకొద్దీ నేను దాన్ని ఎనభై దాకా పెంచాను. ఇక చూడండి సంబరం! రోడ్డు మీద లారీ మలుపు తిరిగి లైట్లు గేటు మీద పడితే వాకిలంతా కదిలినట్టే. చీకట్లో చూడడానికని కెమెరా ఒక కంటికి కనిపించని వెలుతురు చిమ్ముతుందిట. ఆ వెలుతురులో అద్దం ముందు ఎగిరే దోమ కూడా గరుత్మంతుడంత అవుతుంది. ఒక సాలీడు ఏకంగా దాని మొహానే గూడు కట్టి, రాత్రంతా ఊయలూగింది. నాకు జాగారం.

ఈ గోల అమ్మకి ఫోనులో చెప్పుకుంటే ఫక్కున నవ్వింది. మా ఊరికి దగ్గర్లోనే, కృష్ణ, మూసీ కలిసేచోట, వాడపల్లి నరసింహస్వామి గుడి ఉంది. స్వామి ముఖం దగ్గరి దీపం అల్లల్లాడుతూ ఉంటుందనీ, కింది దీపం నిలకడగా వెలుగుతుందనీ, పైదాన్ని కదిలించేది స్వామి ఊపిరేననీ చెప్పుకుంటారు. చిన్నప్పుడు అమ్మ నన్ను చంకనెత్తుకుని ఆ దీపాన్నే చూపించేది. "ఆడ దీపం కదిలితే దేవుడున్నడంటం. ఈడ కొమ్మ కదిలితే దొంగున్నడంటవా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు లేనివాళ్ళు చేసే పనే చేశాను. మీట ముప్పైకి దించాను. 'జోను' అని ఒకటుంటుంది. బొమ్మ మీద వేలితో గళ్ళు గీసి, ఇక్కడ కదిలితేనే చెప్పు, మిగతాచోట్ల నీకెందుకు అని ఆజ్ఞాపించవచ్చు. వేపచెట్టును తీసేశాను. రోడ్డును తీసేశాను. ఇంతలో వరసకు అత్తమ్మ అయిన పక్కింటావిడ ఫోను చేసి, "ఏందమ్మా, మా ఇంటికెవరొచ్చేది హైదరాబాదుల కూసోని చూస్తున్నవంటగద" అని నిలేసింది. సిగ్గుపడి ఆవిడ ఇంటివైపు నల్లరంగు పూసేశాను. ఇక మిగిలింది మా అమ్మ. తెల్లవారుజామున ఐదింటికల్లా లేచి ఊడ్చి, కళ్ళాపి చల్లి, గేటు లోపల ముగ్గు వేస్తుంది. ఆ కాసేపట్లో పాతికసార్లు టింగు, టింగు. రాత్రి పొద్దుపోయేదాకా రాసుకునేదాన్ని, నిద్ర చెడుతోందని ఆ చోటునీ గీత అవతలికి నెట్టేశాను. చివరికి మిగిలింది గేటు ఒక్కటే. ఫోను నోరు మూసుకుంది. నేను హాయిగా పడుకున్నాను.

జనవరిలో ఒక పొద్దున ఆరున్నరకి మోగింది. కెమెరా కాదు, అత్తమ్మ. "మీ వాకిట్ల ముగ్గు పడలే. ఏందాని గోడకాడికొచ్చి పిలిస్తే మీయమ్మ పలకలే. తలుపు తీయించి చూస్తే బాత్రూముల పడ్డది."

నాలుగున్నరకి జారిపడిందట. మడమ దగ్గర ఎముక విరిగింది. రెండు గంటలు తడినేల మీద, అరిచే ఓపిక లేక అలాగే ఉండిపోయింది. కెమెరా తన పని తూచా తప్పకుండా చేసింది. గేటు కదలలేదు కనుక ఏమీ చెప్పలేదు. ఏదైనా కదిలితే చెప్పమన్నాను గానీ, కదలవలసినది కదలకపోతే చెప్పమన్నానా? ఆ సంగతి కనిపెట్టింది నేను నల్లరంగు పూసి పక్కన పెట్టిన ఇంటావిడ.

మిర్యాలగూడలో అమ్మకి పిండికట్టు వేయించి పక్కన కూర్చున్నప్పుడు, ఎక్కడో చదివిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ గుర్తొచ్చింది. న్యూయార్కులో నర్సు. ఇంటికి కెమెరా కాపలా పెట్టే ఏర్పాటుకి 1966లో పేటెంటు అడిగి, 1969లో పొందింది. తనవీ భర్తవీ పని వేళలు కలవక ఇంట్లో ఒక్కతే ఉండవలసి వచ్చేదిట. తలుపుకి వరసగా చిల్లులు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపల టీవీ. ఆవిడ లోపల ఉండి బయటెవరున్నారో చూసుకుంది. నేను ఆవిడ సొత్తునే కొనుక్కొచ్చి, గేటు దగ్గరికి ఎవరొస్తారా అని చూస్తూ, లోపల ఎవరున్నారో మరిచిపోయాను.

ఉగాదికి అమ్మ మళ్ళీ కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చింది. నేను ముగ్గు చోటును తిరిగి గీత లోపలికి తెచ్చాను. అత్తమ్మ ఇంటి నల్లరంగు అలాగే ఉంచాను. ఆవిడ ఇల్లు ఆవిడది. కానీ ఇప్పుడు రోజూ ఆవిడకొక ఫోను చేస్తాను.

అమ్మ నా వేళ్ళ వంకే చూస్తూ, "అయితే ఇగ నేను ముగ్గేస్తే నీ తాన గంట మోగుతదా?" అంది.

"మోగుతుందమ్మా."

"పొద్దుగాల ఐదింటికా? నిద్ర చెడదా బిడ్డా? ఆరింటికేస్తలే."

డెబ్భై ఏళ్ళొచ్చిన మనిషి, పెళ్ళయిన నాటినుంచీ ఉన్న అలవాటును నా నిద్ర కోసం గంట వెనక్కి జరిపింది. ఇప్పుడు సరిగ్గా ఆరింటికే ఫోను మోగుతోంది. అమ్మకి తెలియని సంగతల్లా ఒకటే. ఐదు కాకముందే నాకు మెలకువ వచ్చేస్తోంది.