షోజోజి వెన్నెల పాట

జపానునందు టోకియో అఖాతమునకుఁ దూర్పుగట్టునఁ గిసరజు పట్టణము కలదు. అచటి షోజోజి బౌద్ధాలయపుఁ దోటలో, పూర్వమొక వెన్నెలరేయి, కుక్కజాతికిఁ జెందిన తనుకి యను చిన్న మృగములు గుమిగూడి, పొట్టలు తప్పెటలుగా వాయించుచు నాడసాగినవఁట. అర్చకుఁడు వానినిఁ దఱిమివేయక, తంత్రీవాద్యము చేతఁబట్టి వానితోఁ గూడుకొనెను. కొన్నినాళ్లకు వానిలో నొకటి పొట్ట పగిలి చనిపోఁగా, నాతఁడు దానికి సమాధి కట్టించెనని యచటివారు చెప్పుదురు.

ఈ కథను 1924లో నోగుచి ఉజో బాలగీతముగా రచించెను. 1925లో నకయమ షింపేయి స్వరములు కూర్చెను. నేఁటికిని శరత్కాలపుఁ బండుగలో బాలబాలికలు ఆ సమాధిచెంత నీ పాటకు నాట్యమాడుదురు.

సోదరీమణులారా! పిల్లలు గంతులువేయుచుండఁగా, అల్లరి మానుఁడని కసరుట సులభము. ఆ యర్చకునివలెఁ బెద్దలును వచ్చి కలసినప్పుడే పాట యింటిల్లిపాదిదగును. ఆ యాటవేళ యెల్లకాలము నుండదని యా సమాధి తెలుపుచున్నది గదా!