అర్ధవీడులో ర్యాప్ విన్న ఏడాది

2013 మే 6, సోమవారం

నిన్న రాత్రి బావ వచ్చాడు. మా మేనత్త కొడుకు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డెంటన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. పొద్దున కాఫీ తాగుతూ జేబులోంచి ఒక మెమరీ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "ఒరేయ్, ఇందులో పాటలన్నీ నేనే ఏరి పెట్టినా. వరస మార్చకుండా ఇను" అన్నాడు.

కంభంలో సెల్ షాపుకు పోతే కార్డు నిండా పాటలు ఎక్కించి ఇస్తారు. సినిమా పాటలు, యేసు పాటలు, జానపదాలు అన్నీ కలిసి ఉంటాయి. ఎవరు పాడారో, ఎప్పటివో తెలియదు. బావ మాత్రం పాటగాళ్ల పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. 1985తో మొదలై 2012 దాకా ఉన్నాయి. అక్కడ దీన్ని మిక్స్‌టేప్ అంటారట. ఒకప్పుడు డీజేలు క్యాసెట్ల మీద పాటలు కూర్చి పంచుకునేవాళ్లట.

రాత్రి కరెంటు పోయింది. మిద్దె మీద పడుకొని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఆలాపన లేదు, పల్లవికి ముందు వాయిద్యాల హడావుడి లేదు. దరువు, దాని మీద మాట. ఆ మాటల్లో యేసు, పౌలు, సిలువ, రక్తం. పుట్టినప్పటినుంచి ఎరిగిన సంగతులే, ఎన్నడూ వినని వేగంతో. నిద్ర పట్టలేదు.

2013 మే 8, బుధవారం

వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిలు బడి) మొదలైంది. చిన్నపిల్లల తరగతి నాది. బైబిలు పుస్తకాల పేర్లు చప్పట్లు కొట్టిస్తూ చెప్పించాను. ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము... తాళం ఉంటే పేర్లు తొందరగా నోటికొస్తాయి.

బావ కార్డులో మొదటి పాట చేసే పని కూడా ఇదే. ఓక్లహోమా రాష్ట్రపు స్టీఫెన్ వైలీ 1985లో 'బైబిల్ బ్రేక్' అనే క్యాసెట్ తెచ్చాడు. క్రైస్తవ ర్యాప్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి ఆల్బమ్‌గా దాన్నే చెప్తారు. పుస్తకాల పేర్లనే దరువుకు కట్టి వరసగా చెప్పుకుంటూ పోతాడు. సాయంత్రం పిల్లలకు వినిపించాను. ఇంగ్లీషు రాని పిల్లలు కూడా అది ఏ పాటో కనిపెట్టేశారు. "అన్నా, మన పాఠమే" అని అరిచారు.

తర్వాత ఫిలడెల్ఫియా వాళ్లు. క్రాస్ మూవ్‌మెంట్ అనే బృందం 1997లో 'హెవెన్స్ మెంటాలిటీ' తెచ్చింది. అదే ఊరివాడు షై లిన్. ఆయన 2008లో చేసిన 'ది అటోన్‌మెంట్' మొత్తం ప్రాయశ్చిత్తం అనే ఒక్క విషయం మీదే నడుస్తుంది. మన దగ్గర ఇంత సిద్ధాంతం చెప్పాలంటే మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెడతారు. వాళ్లు దాన్ని వీధి కుర్రాళ్ల చెవికి ఎక్కించారు. మాటకు ఇంత చోటిచ్చే పాట నేను ఇంతకు ముందు వినలేదు.

2013 మే 14, మంగళవారం

కాగితంలో లెక్రే పేరు కింద బావ రెండు గీతలు గీశాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. లెక్రే చదివింది డెంటన్‌లోని యూనివర్సిటీలోనే. తండ్రి దగ్గర లేకుండా పెరిగిన మనిషి, మత్తు మందుల దారి చూసిన మనిషి. పందొమ్మిదేళ్ల వయసులో క్రీస్తు వైపు తిరిగాడు. 2004లో బెన్ వాషర్ అనే స్నేహితుడితో కలిసి రీచ్ రికార్డ్స్ పెట్టాడు. వాళ్ల బృందం పేరు 116. రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం పదహారో వచనం నుంచి తీసుకున్నారు. సువార్త విషయంలో తనకు సిగ్గు లేదని పౌలు చెప్పే చోటు అది.

పోయిన ఏడాది మేలో 'చర్చ్ క్లోత్స్' అనే మిక్స్‌టేప్‌ను లెక్రే ఉచితంగా వదిలాడు. బయటి హిప్‌హాప్‌లో పేరున్న డీజే డాన్ కానన్ దానికి హోస్ట్‌గా ఉన్నాడు. ఈ ఫిబ్రవరిలో 'గ్రావిటీ' ఆల్బమ్‌కు ఉత్తమ గాస్పెల్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఆ విభాగంలో గెలిచిన మొదటి ర్యాపర్ ఇతనే.

'చర్చ్ క్లోత్స్' పాటలో గుడికి రాని కుర్రాడి నోటితో మాట్లాడతాడు. గుడిలో కపటం ఉందని ఆ కుర్రాడు చెప్పే మాటలన్నీ చెప్పనిస్తాడు. మన పల్లెలోనూ ఆదివారం ఆరాధన జరుగుతుంటే బస్టాండు దగ్గర కూర్చునే కుర్రాళ్లున్నారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. హైదరాబాదులో సెంట్రింగ్ పనులకు పోయి వచ్చి, పండగలకు మాత్రం గుడి గడప తొక్కేవాళ్లు. వాళ్ల మనసులో ఏముందో మన పాటలు ఎప్పుడూ అడగలేదు. రాత్రి ఇదే ఆలోచన.

2013 మే 19, ఆదివారం

ఆరాధనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నుంచే పాడాం. ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ పుస్తకానికి వెన్నెముక పురుషోత్తమ చౌదరి (1803–1890).

గుడి అయ్యాక సంఘ పెద్ద ఒకాయన అడిగాడు. "ఏందయ్యా, పిల్లోళ్లకు ఆ తాగుబోతుల సంగీతం ఇనిపించినావంటనే?" గౌరవంగానే జవాబు చెప్పాను. "అయ్యా, చౌదరిగారు తన కాలంలో చుట్టూ వినబడే రాగాల్లోనే కీర్తన కట్టారు. అవే రాగాలను వేరేవాళ్లు రాజసభల్లో పాడారు, దేవళాల్లో పాడారు. అయినా మనకు అవి పరిశుద్ధమే కదా." ఆయన ఆలోచించి, "ఆయన మాట మనకు అర్థమయిద్ది. ఈళ్లది అర్థం కాదు గదా" అన్నాడు.

న్యాయమైన మాట. ఇంటికి వచ్చాక ఇంకోటి తట్టింది. కర్ణాటక రాగం గుడిలోకి వచ్చింది. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్స్ కూడా వచ్చాయి. మన పల్లెలో పుట్టిన డప్పు మాత్రం ఎందుకు రాలేదు?

2013 జూన్ 2, ఆదివారం

కార్డు చివర్లో ప్రొపగాండా అనే కవి గాయకుడు ఉన్నాడు. ఆల్బమ్ 'ఎక్సలెంట్', 2012. విడుదల చేసిన హంబుల్ బీస్ట్ సంస్థ తన ఆల్బమ్‌లను ఉచితంగానే పంచుతుంది. అందులో 'ప్రెషస్ ప్యూరిటన్స్' అనే పాట నన్ను కదిపేసింది. సంఘంలో అందరూ భక్తితో చదివే ప్యూరిటన్లనే పాతకాలపు బోధకులు బానిసల ఓడల్లో వాక్యం చెప్పారు కదా, ఆ బోధ సంకెళ్లలో ఉన్నవాడికి ఎలా వినబడి ఉంటుంది అని తన సంఘాన్నే అడుగుతాడు. ద్వేషంతో అడగడు. చివరికి తనలోని లోపాన్ని కూడా ఒప్పుకుంటాడు.

సువార్త ఎవరి వైపు నిలబడాలి అనే ఇలాంటి ప్రశ్నే మన జిల్లాలో నూటయాభై ఏళ్ల కింద వచ్చింది. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట బ్రాహ్మణ విద్యార్థులు బడికి వచ్చారు. తాళ్లకొండపాడు పేరయ్య, తోళ్ల వ్యాపారి, తన మాదిగ జనాన్ని వెంటబెట్టుకొని వచ్చేసరికి, వాళ్లను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు అన్నారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందని చెప్తారు. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని పౌలు రాసిన భాగం. క్లౌ పేరయ్య జనం వైపే నిలిచాడు. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన కంభం చెరువు నింపే గుండ్లకమ్మే అది. తర్వాత కంభంలోనూ మిషన్ కేంద్రం వెలిసింది.

అణగదొక్కిన జనం నోటి నుంచి వచ్చిన విశ్వాసం మనది. ఆ జనం దరువు గుడి బయట ఉండటం ఇంకా అర్థం కావడం లేదు.

2013 జూన్ 16, ఆదివారం

పెదనాయనకు షై లిన్ పాట వినిపించాను. కళ్లు మూసుకొని వేళ్లతో మంచం పట్టె మీద దరువు పట్టుకున్నాడు. "మాట తెలీదు గానీ, నడక తెలుస్తాంది" అన్నాడు. ఆయన చిన్నప్పుడు మేనమామ దగ్గర డప్పు నేర్చుకున్నాడు. అప్పుడు అడిగాను, గుడిలో డప్పు ఎందుకు లేదని.

"మా తాతల కాలంలో డప్పు కొట్టేది మన ఇష్టం కాదురా. జాతరొచ్చినా, శవం లేచినా, ఊళ్లోంచి పిలుపొస్తే పోవాల్సిందే. యేసయ్యను నమ్ముకున్నాక ఇంక కొట్టం అన్నారు. దానికి దెబ్బలు తిన్నారు. కూలి పనులు పోయినాయి. అయినా కొట్టలే."

నాకు ఒళ్లు జలదరించింది. క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువుల మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడూ పాటిస్తే వెట్టికి లొంగడం కుదరదు. డప్పును కింద పెట్టడం వాళ్లు చేసిన తిరుగుబాటు. ఆ వాయిద్యం మీద చిన్నచూపుతో వదల్లేదు. అది తెలియకుండానే మేమంతా డప్పు గుడికి తగదని నమ్ముతూ పెరిగాం.

"మరి ఇప్పుడు?" అన్నాను. "అప్పుడు వాళ్ల పిలుపుకు కొట్టం అన్నాం. ఇప్పుడు మన దేవుడికి మనం కొట్టుకుంటే కాదనేదెవురు?" అన్నాడు పెదనాయన.

2013 ఆగస్టు 11, ఆదివారం

సరిగ్గా నలభై ఏళ్ల కింద, 1973 ఆగస్టు 11న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే భవనంలో ఒక అమ్మాయి పార్టీ పెట్టింది. పేరు సిండీ క్యాంప్‌బెల్. రికార్డులు తిప్పింది వాళ్ల అన్న, జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్. పాటలో డ్రమ్స్ ఒక్కటే మోగే చోట జనం బాగా ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకొని ఆ చోటునే సాగదీసే పద్ధతి కనిపెట్టాడు. హిప్‌హాప్ పుట్టుక అక్కడే అంటారు. పేదల వాడలో, చేతిలో ఉన్న సామానుతో.

ఈ రోజు మధ్యాహ్నం యువజన కూటంలో ఒక ఇంటర్ కుర్రాడు తను రాసుకున్నది చెప్పాడు. ఎండిన బోర్లు, అప్పు చేసి వేసిన మిరప, పనికి వలసపోయిన అమ్మ, మధ్యలో దేవుడా నువ్వు చూస్తున్నావా అనే ప్రశ్న. దావీదు కీర్తనల్లో ఉన్న ప్రశ్నే. అంతా మన యాసలోనే. పెదనాయన డప్పును మంట దగ్గర కాచి, చిర్ర, చిటికెన పుల్ల పట్టుకొని వెనక నిలబడ్డాడు. బస్టాండు కుర్రాళ్లు ఇద్దరు గోడ పక్కకు వచ్చి విన్నారు. మేలో నన్ను అడిగిన సంఘ పెద్ద చివరిదాకా కూర్చున్నాడు. "ఇది అర్థమయింది" అన్నాడు.

2014 సెప్టెంబరు 18, గురువారం

బావ ఫోన్ చేశాడు. లెక్రే కొత్త ఆల్బమ్ 'అనామలీ' అమెరికా మొత్తానికి బిల్‌బోర్డ్ 200 జాబితాలో మొదటి స్థానానికి వచ్చిందట. గాస్పెల్ జాబితాలోనూ అదే మొదటిది. రెండింట్లో ఒకేసారి మొదట నిలిచిన ఆల్బమ్ ఇంతకు ముందు లేదు. వైలీ క్యాసెట్ నుంచి ఇక్కడికి రావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

మనకు ఆ జాబితాలతో పని లేదు. వాళ్ల టోపీలు, వాళ్ల ఇంగ్లీషు యాస కూడా మనకు అక్కర్లేదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది, తమ వాడలో మాట్లాడే మాటతోనే, తమ చేతికి అందిన దరువుతోనే, సిగ్గు లేకుండా సువార్త చెప్పడం. మన తాతలు డప్పు దించింది విశ్వాసం కోసం. దాన్ని మళ్లీ ఎత్తి మన మాట చెప్పడం కూడా విశ్వాసమే. ఈ క్రిస్మస్‌కు మన యువజనులు సినిమా బాణీకి మాటలు అతికించడం మానాలి. ఒక్క పాటైనా సొంతంగా, అర్ధవీడు యాసలో రాయాలి. సంఘ పెద్దలు దానికి ఆరాధనలోనే చోటివ్వాలి.