సిమెంటు వాసన

అరవై దాటిన ఇల్లాలు నీళ్ల బిందె ఎత్తబోతుంది. వెన్నులో ఏదో కలుక్కుమంటుంది. నడుము పట్టిందనుకొని ఇంటివారు కాపడం పెడతారు. వారాలు గడిచినా పక్క మీద ఒత్తిగిలడమే ఆమెకు గండమవుతుంది. లోపల ఒక వెన్నుపూస అణగిపోయిందన్న సంగతి ఎక్స్‌రే తీస్తేగాని బయటపడదు. ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలు క్రమక్రమంగా గుల్లబారతాయి. అటువంటి పూస విరగడానికి పెద్ద దెబ్బ అక్కరలేదు. ఒక్కొక్కసారి గట్టి దగ్గు చాలు.

ఈ బాధకు కోత లేని ఉపాయమొకటి వేరొక వ్యాధి చికిత్సలో నుంచి పుట్టింది. 1984లో ఫ్రాన్సులోని అమియెన్ నగరంలో గలిబేర్, దెరమోన్ అనే వైద్యులు, రక్తనాళాల గడ్డ మెడపూసను తొలిచివేయగా బాధపడుతున్న ఒక స్త్రీకి సూది ద్వారా ఆ పూసలోకి ఎముకల సిమెంటు ఎక్కించారు. ఆమె నొప్పి తగ్గింది. అనంతరం అదే పద్ధతి, వెర్టిబ్రోప్లాస్టీ అన్న పేరుతో, గుల్లబారి విరిగిన పూసలకూ వచ్చింది. రోగిని బోర్లా పడుకోబెట్టి, వీపుకు మత్తుమందిచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూదిని పూసలోకి దించుతారు. ముద్దలాంటి సిమెంటు నిమిషాలలో గట్టిపడుతుంది. మంచం పట్టినవారు లేచి నడిచారు. అంతకంటే రుజువు ఏమి కావాలనుకున్నారు చాలామంది.

2009లో అమెరికా వైద్యపత్రిక ఒకటి ప్రచురించిన పరీక్ష ఆ ధీమాను కదిలించింది. అందులో పాల్గొన్న 131 మందిలో సుమారు సగం మందికే సిమెంటు ఎక్కించారు. తక్కినవారికి మత్తు సూది మాత్రమే వేసి, వీపు మీద నొక్కుతూ, సిమెంటు ద్రావకం సీసా మూత తీసి ఆ ఘాటు వాసన గదిలో వ్యాపించనిచ్చారు. ఇది మోసం కాదు; ఎవరికి ఏది దక్కుతుందో తెలియదని ముందే చెప్పి, అందరి సమ్మతీ తీసుకున్నారు. నెల తరువాత రెండు వర్గాలలోనూ నొప్పి ఇంచుమించు ఒకే తీరుగా తగ్గింది! సిమెంటు లేనివారి ఉపశమనం బూటకమా? కానే కాదు. ఇటువంటి విరుగుళ్లు చాలావరకు కాలక్రమంలో వాటంతటవే అతుక్కుంటాయి. మత్తుమందుకూ, నమ్మకానికీ వాటి పాలు వాటికి ఉండవచ్చు.

తగవు అంతటితో తీరలేదు. విరిగి ఆరు వారాలు దాటని, తీవ్రమైన నొప్పి గల 120 మందిపై జరిగి 2016లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో సిమెంటుదే పైచేయి అయింది. 2018లో 180 మందితో వెలువడిన డచ్చి పరీక్షలో మళ్లీ తేడా కనిపించలేదు. సిమెంటు పూస దాటి కారితే నరాలకూ ఊపిరితిత్తులకూ అరుదుగా ముప్పు రావచ్చు. కనుకనే జాగ్రత్త గల వైద్యుడు ముందుగా “ఎన్నాళ్లయిందమ్మా?” అని అడుగుతాడు.

ఒక పూస నింపినా తక్కినవి గుల్లగానే ఉంటాయి. వాటి కోసం రాసిచ్చిన మందుల చీటీ మాత్రం, నొప్పి తగ్గిన ఇళ్లలో, తరచు అలమారలోనే ఉండిపోతుంది.