మాలిక్ పేరు అలాగే ఉండనీ

లినక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక మాలిక్, ఒక జమాత్ ఉంటాయి. ఇంగ్లీషులో ఓనర్, గ్రూప్ అంటారు గానీ నాకు ఈ మాటలే దగ్గర. మూడో వరసలో ఆమ్ లోగ్, అంటే మిగతా దునియా అంతా. చదవడం, రాయడం, నడపడం అనే మూడు ఇజాజత్‌లు ఈ ముగ్గురికీ వేర్వేరుగా ఉంటాయి. టెర్మినల్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ కొడితే చిట్టా మొత్తం కనిపిస్తుంది. మొదటి గడిలో ఇజాజత్‌లు, మూడో గడిలో మాలిక్ పేరు, నాలుగో గడిలో జమాత్ పేరు.

మా మొహల్లా కుతుబ్‌ఖానా కంప్యూటర్‌లో ఆ మూడో గడి నిండా ఒకటే పేరు: చాచా. ఆయన యూజర్ నేమ్ కూడా అదే. రిటైరైన ఉర్దూ టీచర్. కాతిబ్‌లు చేత్తో రాసిన పాత రిసాలాలు చెదలు పట్టిపోతుంటే చూడలేక, ఏళ్ల తరబడి ఒక్కో పేజీ స్కాన్ చేసి పెట్టారు. పోయిన రంజాన్‌కి ముందు ఆయన ఇంతెఖాల్ అయ్యారు. అల్లాహ్ ఆయన్ని మగ్‌ఫిరత్ చేయుగాక.

ఆయన పోయాక ఆ పనికి ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ముందుకొచ్చారు. ఏ రిసాలాలో ఎవరి మజ్మూన్ ఉందో ఫెహ్రిస్త్ సరిచేసి, పక్కన తెలుగులో కూడా పేర్లు చేర్చాలని వాళ్ల ఇరాదా. ఫైలు తెరుచుకుంటోంది, సేవ్ కావడం లేదు. కంప్యూటర్ దృష్టిలో వాళ్లు ఆమ్ లోగ్. చూడొచ్చు, ముట్టుకోకూడదు.

కంప్యూటర్‌కి విరాసత్ తెలియదు. మనిషి పోతే ఆయన ఫైళ్లు కొడుక్కో కూతురికో వాటంతట అవి చేరవు. కమిటీలో ఒక కుర్రాడు అన్నాడు, "భాయ్‌జాన్, అన్నిటికీ మాలిక్‌గా నా పేరు పెట్టేయండి, పనైపోద్ది. చాచా ఖాతా తీసేద్దాం." అదే రాత్రి జెద్దా నుంచి చాచా కొడుకు ఫోన్ చేశాడు. స్కాన్లు ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. ఒక్కటే అడిగాడు: "అబ్బా పేరు పోదు కదా?"

కుర్రాడి నీయత్ మంచిదే. కానీ ఖాతా తీసేస్తే ఏమవుతుందో అతనికి తెలియదు. లినక్స్ ఫైలు మీద పేరు రాసుకోదు, ఒక నంబరు రాసుకుంటుంది. ఖాతా పోతే మూడో గడిలో 1004 లాంటి అంకె మిగులుతుంది. రేపు కొత్తగా చేరినవాడికి అదే నంబరు దక్కితే, చాచా ఫైళ్లన్నిటికీ వాడే మాలిక్ అయి కూర్చుంటాడు.

నేను వక్ఫ్ గురించి చెప్పాను. వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్మకూడదు, హిబా ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. ముతవల్లి చూసుకుంటాడు, అతను మాలిక్ కాదు. ఇచ్చిన వాఖిఫ్ పేరు మాత్రం వక్ఫ్‌నామాలో ఉంటుంది. ఇక్కడా అలాగే చేద్దాం, మాలిక్‌ని కదిలించొద్దు, జమాత్‌ని మారుద్దాం అన్నాను.

దానికి వాడేది సీహెచ్‌జీఆర్‌పీ, అంటే చేంజ్ గ్రూప్. మామూలుగా ఫైలు మాలిక్, తాను సభ్యుడిగా ఉన్న జమాత్‌కి మాత్రమే దాన్ని మార్చగలడు. మాలిక్ లేడు కనుక రూట్ హుకుంతో చేయాల్సి వచ్చింది. ముందు కుతుబ్ అనే గ్రూప్ పుట్టించి, అమ్మాయిలిద్దర్నీ, ఆ కుర్రాణ్ణీ చేర్చాం. యూజర్‌మాడ్‌తో చేర్చేటప్పుడు పెద్ద జీ ముందు చిన్న ఏ మరవొద్దు. అది లేకపోతే మనిషి పాత గ్రూపుల్లోంచి బయటపడతాడు. చేరాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. అప్పటిదాకా కొత్త సభ్యత్వం చెల్లదు.

తర్వాత సీహెచ్‌జీఆర్‌పీ, మైనస్ పెద్ద ఆర్, కుతుబ్, చివర ఫోల్డర్ పేరు. పెద్ద ఆర్ ఉంటే లోపలి ఫోల్డర్లన్నిట్లోకీ దిగి మారుస్తుంది. నాలుగో గడి అంతా కుతుబ్ అయింది. కానీ జమాత్ మారినంత మాత్రాన రాసే ఇజాజత్ రాదు. దానికి సీహెచ్‌మాడ్‌తో జీ ప్లస్ డబ్ల్యూ ఇవ్వాలి. ఫోల్డర్లకు మాత్రం జీ ప్లస్ ఎస్ కూడా ఇచ్చాం. ఇక ఆ ఫోల్డర్లలో ఎవరు కొత్త ఫైలు పుట్టించినా అది కుతుబ్ జమాత్‌కే చెందుతుంది. వేరేచోటి నుంచి ఎంవీతో జరిపి తెచ్చిన ఫైలు మాత్రం పాత జమాత్‌తోనే రావచ్చు, కాబట్టి సీపీతో కాపీ చేయమన్నాం. వాళ్ల యూమాస్క్ 022 ఉంటే 002 చేశాం. లేకపోతే ఒకరు పుట్టించిన ఫైలులో ఇంకొకరు రాయలేరు.

చాచా ఖాతా తీసేయలేదు, తాళం వేశాం. ఆ పేరుతో ఎవరూ లాగిన్ కాలేరు, పేరు మాత్రం ఉంటుంది.

కొడుక్కి స్క్రీన్ ఫొటో తీసి పంపాను. మూడో గడి, నాలుగో గడి ఏంటో రాసి చెప్పాను. "సద్ఖా ఎ జారియా" అని జవాబొచ్చింది. మనిషి పోయాక కూడా పుణ్యం ఆగని దానం. ఇప్పుడు ఫెహ్రిస్త్‌లో తెలుగు పేర్లు చేరుతున్నాయి. ఉర్దూ చదవడం రాని పిల్లలు కూడా తమ తాతల మజ్మూన్‌లు వెతుక్కుంటున్నారు.